ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్ వస్తే కెరీర్‌కి లాభమా నష్టమా: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రైనింగ్ సెంటర్‌కి ఇన్‌స్ట్రక్టర్‌గా పోస్టింగ్ ఆర్డర్ వచ్చిందని తెలియగానే బ్యారక్‌లో తలా ఒక మాట అంటారు. ఒకడు లక్కీ అంటాడు, ఇంకొకడు ఇక యూనిట్‌లో నీ పేరు వెనక్కి పోయినట్టే అంటాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఎవరి విషయంలో ఏది నిజమవుతుందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నా. ఏ దేశం సైన్యమైనా మూల సూత్రాలు దాదాపు ఒకటే కాబట్టి అమెరికా, బ్రిటన్, ఇండియా మూడింటి నుంచీ ఉదాహరణలు తీసుకున్నా.

ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తే ప్రమోషన్ తొందరగా వస్తుందా?

దానంతట అదే రాదు. ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాడు కాబట్టి ఒక ర్యాంకు ఎక్కువ ఇచ్చేద్దాం అనే రూల్ మామూలుగా ఉండదు. అయితే పోటీ గట్టిగా ఉన్నప్పుడు, ఒకే సీనియారిటీలో ఉన్న ఇద్దరి ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు, ఒకడు యూనిట్‌లో తన కింది చిన్న దళాన్ని, అంటే సెక్షన్‌ని, బాగా నడిపి ఆ తర్వాత ట్రైనింగ్ సెంటర్‌లో కూడా మంచి రిపోర్ట్ తెచ్చుకున్నాడు, రెండోవాడు మొదటినుంచీ ఒకే యూనిట్‌లో ఉన్నాడు అనుకోండి, మొదటివాడి వైపే మొగ్గు ఉంటుంది. ఎందుకంటే తన మనుషులు కాని వాళ్ళని, ఏమీ తెలియని కొత్త కుర్రాళ్ళని పట్టుకుని సైనికులుగా తయారు చేయగలడని అతను చూపించాడు. పై ర్యాంకుల్లో చేయాల్సిన పని చాలావరకు అదే.

నా ఉద్దేశం సూటిగా చెప్తా: ఈ పోస్టింగ్ మంచిదే, కానీ ఎప్పుడు వెళ్ళారు, వెళ్ళేముందు ఏం చేసి వెళ్ళారు, ఎప్పుడు తిరిగొచ్చారు అనే మూడింటి మీదే దాని విలువ మొత్తం ఆధారపడి ఉంటుంది. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్‌లన్నీ ఒకటేనా?

కాదు, అందరూ పొరపడేది ఇక్కడే. రిక్రూట్లకి బేసిక్ ట్రైనింగ్ ఇచ్చే డ్రిల్ ఉస్తాద్ పని వేరు, స్పెషలిస్ట్ స్కూల్లో వెపన్ గానీ సిగ్నల్స్ గానీ బోధించే పని వేరు, ఆఫీసర్ క్యాడెట్లని తీర్చిదిద్దే అకాడెమీ పోస్టింగ్ వేరు, ప్రమోషన్ కేడర్ (పై ర్యాంకుకి అర్హత ఇచ్చే కోర్సు) నడిపేది మళ్ళీ వేరు. అమెరికన్ ఆర్మీలో డ్రిల్ సార్జెంట్ అవ్వాలంటే సౌత్ కరోలినాలో ఫోర్ట్ జాక్సన్‌లో ఉన్న అకాడెమీలో ముందు పాస్ అవ్వాలి, ఆ తర్వాత మామూలుగా రెండేళ్ళు డ్యూటీ, కావాలంటే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. బ్రిటన్‌లో శాండ్‌హర్స్ట్ అకాడెమీలో క్యాడెట్లని రోజంతా దగ్గరుండి చూసుకునేది కలర్ సార్జెంట్లే (ఆఫీసర్లు కాని సీనియర్ సార్జెంట్లు), ఆ పోస్టు కోసం వాళ్ళల్లో వాళ్ళకి గట్టి పోటీ సెలెక్షన్ ఉంటుంది, అది నెగ్గి అక్కడ మంచి పేరు తెచ్చుకున్నవాడిని ఆ పై ర్యాంకైన వారెంట్ ఆఫీసర్ అవ్వగల మనిషిగా చూస్తారు.

ఇండియాలో ఇన్ఫాంట్రీ స్కూల్ మహూలో ఉంది, దాని జూనియర్ లీడర్స్ వింగ్ బెళగావిలో ఉంది, హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ గుల్‌మర్గ్‌లో, అడవి యుద్ధానికి వైరెంగ్టేలో ఇంకో స్కూలు. వీటిల్లో ఇన్‌స్ట్రక్టర్ అవ్వడానికీ రెజిమెంటల్ సెంటర్‌లో రిక్రూట్ల కంపెనీకి వెళ్ళడానికీ తేడా ఉంది. మొదటిదానికి కోర్సులో మీ గ్రేడింగ్ చూస్తారు. రెండోదానికి ఎక్కువగా యూనిట్ ఎవరి పేరు పంపితే వాళ్ళే.

ఇన్‌స్ట్రక్టర్ గ్రేడింగ్ అంటే ఏంటి? అది వస్తే తప్పకుండా వెళ్ళాలా?

కోర్సు చివర్లో ఇతను ఈ సబ్జెక్ట్ ఇంకొకరికి బోధించడానికి కూడా పనికొస్తాడు అని స్కూలు ఇచ్చే మార్కు అది. కార్గిల్ యుద్ధంలో పరమవీర చక్ర పొందిన కెప్టెన్ విక్రమ్ బాత్రాకి 1999 మొదట్లో బెళగావి కమాండో కోర్సులో ఈ గ్రేడింగే వచ్చింది, 26/11లో ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌కి ఘాతక్ అనే కమాండో కోర్సులో కూడా ఇదే. అంటే ఇది ముందు మీ పనితనానికి వచ్చిన గుర్తింపు, ఆ తర్వాతే పోస్టింగ్‌కి తలుపు. వచ్చినవాళ్ళందరినీ స్కూలుకి లాక్కెళ్ళరు. కానీ ఫైల్లో ఉండిపోతుంది, తర్వాత ఎప్పుడైనా మీరే అడగాలనుకున్నప్పుడు అదే మీ తరఫున మాట్లాడుతుంది. కాబట్టి కోర్సుకి పంపినప్పుడు పాస్ అయితే చాలు అనుకోకండి, దయచేసి.

సైన్యం తన మంచి మనుషుల్ని యూనిట్ నుంచి తీసి ట్రైనింగ్‌కి ఎందుకు పంపుతుంది?

పంపకపోతే ఏమవుతుందో చరిత్రలో బాగా కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు అనుభవం ఉన్న పైలట్లని కొన్నాళ్ళ తర్వాత ఫ్రంట్ నుంచి వెనక్కి పిలిచి కొత్తవాళ్ళకి నేర్పించమన్నారు. జపాన్ మాత్రం ఆరితేరిన పైలట్లని చనిపోయేదాకా ఫ్రంట్‌లోనే ఉంచింది, వాళ్ళు ఒక్కొక్కరే పోయాక నేర్పేవాళ్ళే మిగల్లేదు, 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధం నాటికి సరిగ్గా ఎగరడం కూడా పూర్తిగా రాని కుర్రాళ్ళు విమానాలెక్కి వందల సంఖ్యలో కూలిపోయారు.

అమెరికన్ ఆర్మీకి కూడా ఈ పాఠం భూమి మీద ఇంకోలా అర్థమైంది. 1962లో ఆర్మీ అండర్ సెక్రటరీగా ఉన్న స్టీఫెన్ ఐల్స్ రిక్రూట్ ట్రైనింగ్ ఎలా జరుగుతోందో చూడమని ఒక సర్వే చేయించారు. ట్రైనింగ్ సెంటర్లకి వచ్చే సార్జెంట్ల స్థాయి బాగాలేదని, పనిగంటలు విపరీతమని, గౌరవం లేదని, దాంతో మంచివాళ్ళెవరూ అటు రావడానికి ఇష్టపడట్లేదని తేలింది. దాని ఫలితంగానే 1964లో డ్రిల్ సార్జెంట్ ప్రోగ్రామ్ మొదలైంది, ప్రత్యేక స్కూలు, ప్రత్యేక టోపీ, ప్రత్యేక బ్యాడ్జ్ అన్నీ అప్పటినుంచే. కెరీర్‌లో దానికి విలువ ఇస్తేనే మంచివాడు వస్తాడు అని ఆ రోజు గుర్తించారు, ఇప్పటికీ అది ఎక్కడైనా నిజమే. ట్రైనింగ్ పోస్టింగ్‌ని శిక్షలాగా వాడే యూనిట్ కమాండర్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి, వాళ్ళు పనికిరాడని పంపేసిన మనిషి చేతుల్లో తయారైన రిక్రూట్లే రేపు వాళ్ళ యూనిట్‌కే వస్తారు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే కొంచెం వివరంగా.

ప్రతి ర్యాంకుకీ ఒక అసలు పని ఉంటుంది. అమెరికన్ ఇన్ఫాంట్రీలో స్టాఫ్ సార్జెంట్ అంటే స్క్వాడ్ నడపాలి, సార్జెంట్ ఫస్ట్ క్లాస్ అంటే ప్లాటూన్ సార్జెంట్‌గా చేయాలి. మన దగ్గర హవల్దార్ అంటే సెక్షన్ నడపాలి, కంపెనీ హవల్దార్ మేజర్ లాంటి బాధ్యత తీసుకోవాలి. ఆ ర్యాంకులో ఆ పని చేయకుండా ముందే ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్ళిపోతే తిరిగొచ్చేసరికి పై ర్యాంకుకి పేర్లు చూసే జోన్‌లోకి వచ్చేస్తారు, ఫైల్లో మాత్రం ఆ ర్యాంకులో మనుషుల్ని నడిపిన రిపోర్ట్ ఒక్కటీ ఉండదు. ప్రమోషన్లు తేల్చే బోర్డు వాళ్ళు ఇన్‌స్ట్రక్టర్‌గా బాగానే చేశాడు కానీ ప్లాటూన్ నడపగలడని ఎలా నమ్మాలి అని ఆగిపోతారు, వాళ్ళ తప్పేం లేదు.

అలాగని మరీ ఆలస్యం చేసినా ఇబ్బందే. ప్రమోషన్ ఇంకో ఏడాదిలో ఉందనగా వెళ్తే, కొత్తచోట మిమ్మల్ని ఎరిగిన రిపోర్టింగ్ ఆఫీసర్ ఉండడు, మొదటి రిపోర్ట్ ఎప్పుడూ మామూలుగానే వస్తుంది, సరిగ్గా ఆ మామూలు రిపోర్టే బోర్డు ముందు పైన కనిపిస్తుంది.

కాబట్టి ఇప్పుడున్న ర్యాంకులో అసలు పని కనీసం ఏడాదిన్నర, రెండేళ్ళు చేసి, దానికి మంచి రిపోర్టులు చేతిలో పడ్డాక వెళ్ళండి, అక్కడ రెండు మూడేళ్ళు చేసి బోర్డుకి ముందే యూనిట్‌కి తిరిగి వచ్చేలా లెక్క వేసుకోండి. అన్నిసార్లూ మన చేతిలో ఉండదు, నిజమే, కానీ పోస్టింగ్ ప్రపోజల్ స్టేజ్‌లో ఉన్నప్పుడు మీ సీనియర్‌తో లేదా సుబేదార్ మేజర్ సాబ్‌తో కూర్చుని ఈ లెక్క చెప్తే వినేవాళ్ళు ఉంటారు. ఆర్డర్ వచ్చాక మాట్లాడితే ఎవరూ వినరు.

యూనిట్‌కి దూరమైతే నన్ను మర్చిపోతారా? ఏసీఆర్ (ఏటా రాసే రహస్య రిపోర్ట్) సంగతేంటి?

ఇండియన్ ఆర్మీలో చాలామందిని భయపెట్టే మాట ఈఆర్ఈ, అంటే రెజిమెంట్ బయట డ్యూటీ. ఆఫీసుల్లో, హెడ్‌క్వార్టర్స్‌లో చేసే ఈఆర్ఈకీ ట్రైనింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌కీ తేడా తెలుసుకోండి. హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్‌కి చూసేటప్పుడు చివరి ఐదు రిపోర్టులు లెక్కలోకి తీసుకుంటారు, వాటిల్లో రెజిమెంటల్ డ్యూటీ రిపోర్టులు ఉండాలన్న షరతు ఉంది, ఆర్మీ స్కూళ్ళలో ఇన్‌స్ట్రక్టర్‌గా తెచ్చుకున్న రిపోర్ట్‌ని ఆ షరతు కింద రెజిమెంటల్ డ్యూటీతో సమానంగా చూస్తారు. ఇది చాలామందికి తెలియక వచ్చిన మంచి అవకాశాన్ని వదులుకుంటున్నారు. అయితే మీ పోస్టు ఆ లెక్కలోకి వచ్చే ఇన్‌స్ట్రక్టర్ పోస్టేనా లేక అదే స్కూల్లో స్టోర్ చూసుకునే పోస్టా అన్నది ఆర్డర్‌లోనే స్పష్టంగా చూసుకోవాలి. అర్థం కాకపోతే వెళ్ళకముందే మీ రికార్డ్ ఆఫీస్‌కి రాతపూర్వకంగా రాసి జవాబు తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పింది రేపు పనికిరాదు.

మర్చిపోవడం గురించి: మనుషులు మర్చిపోతారు, సహజం. సీఓలు (కమాండింగ్ ఆఫీసర్లు) మారతారు, మీరు తిరిగొచ్చేసరికి మిమ్మల్ని పంపిన సీఓ ఉండడు. అందుకే యూనిట్‌తో మాట్లాడుతూ ఉండాలి, కేడర్ ఎప్పుడు జరుగుతోంది, సీనియారిటీ రోల్‌లో మన పేరు ఎక్కడుంది, పార్ట్ టూ ఆర్డర్లు (మన సర్వీస్ వివరాలు రికార్డ్‌లో ఎక్కించే ఆర్డర్లు) సరిగ్గా పడ్డాయా లేదా ఇవన్నీ మనమే అడుగుతూ ఉండాలి. ముఖ్యంగా ప్రమోషన్ కేడర్. మీరు వేరే చోట ఉన్నారని కేడర్‌కి పేరు పంపకపోతే ఎంత మంచి ఇన్‌స్ట్రక్టర్ అయినా అర్హత లేక ఆగిపోతారు.

రిపోర్ట్‌లో ఏం రాస్తే ఉపయోగం?

రెండు వాక్యాలు పక్కపక్కన చూడండి. ఒకటి: "కష్టపడి పనిచేసే ఇన్‌స్ట్రక్టర్, క్రమశిక్షణ కలవాడు, ట్రైనీలతో బాగా ఉంటాడు." రెండోది: "నా దగ్గరున్న పన్నెండు మంది ఇన్‌స్ట్రక్టర్లలో మొదటివాడు, ఇతని ప్లాటూన్ ఫైరింగ్‌లో కంపెనీలోనే ఫస్ట్, మొదటిసారి ఫెయిలైన ఎనిమిది మందిని సాయంత్రాలు విడిగా కూర్చోబెట్టి పాస్ చేయించాడు, వెంటనే పై ర్యాంకు బాధ్యత ఇవ్వదగినవాడు." మొదటిది చదివిన బోర్డు మెంబర్‌కి ఏమీ గుర్తుండదు. రెండోది చదివినవాడు ఆగి మళ్ళీ చదువుతాడు.

రిపోర్ట్ రాసే ఆఫీసర్‌కి ఈ వివరాలు ఎలా తెలుస్తాయి? మీరు ఇస్తేనే. ప్రతి బ్యాచ్ అయ్యాక ఎంతమంది వచ్చారు, ఎంతమంది పాస్, ఫైరింగ్ సగటు ఎంత, గాయాలెన్ని, ఎవరెవరిని వెనక్కి పంపాల్సొచ్చింది, లెసన్ ప్లాన్‌లో మీరు ఏం మార్చారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రిపోర్ట్ టైమ్‌కి ఒక పేజీ చేసి ఇవ్వండి. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఆయన పని సులువు చేయడం. అమెరికన్ ఆర్మీలో స్టాఫ్ సార్జెంట్ నుంచి పైకి, సీనియర్ రేటర్ (రిపోర్ట్‌లో పైనుంచి గ్రేడ్ ఇచ్చే అధికారి) తన కింద ఆ ర్యాంకులో ఉన్నవాళ్ళలో 24 శాతానికి మించి టాప్ గ్రేడ్ ఇవ్వడానికి లేదు. ఇక్కడ ఒక చిక్కుంది: ట్రైనింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్ళే ఏరికోరి తెచ్చినవాళ్ళు, అందరూ మంచివాళ్ళే, వాళ్ళల్లో ఆ 24 శాతంలోకి రావడం మామూలు యూనిట్‌లో కంటే కష్టం. యూనిట్‌లో ఫస్ట్ ఉన్నవాడు అక్కడ మధ్యలో పడొచ్చు, ముందే సిద్ధపడి వెళ్ళండి.

ఆపరేషన్ మిస్ అయితే? నేను క్లాస్‌లో ఉంటే మా వాళ్ళు ఫీల్డ్‌లో ఉంటారు కదా?

ఈ బాధ నిజమైనది, తేలిగ్గా తీసుకోలేం. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో మిత్రదళాలని నడిపి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐజన్‌హోవర్‌కి కూడా ఇదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1918లో ఆయన్ని అమెరికాలోనే గెటిస్‌బర్గ్ దగ్గర క్యాంప్ కోల్ట్‌లో ట్యాంక్ దళాలకి ట్రైనింగ్ ఇవ్వమని పెట్టారు, ఫ్రాన్స్ వెళ్ళడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు, బయల్దేరేలోపే నవంబర్ 11న యుద్ధం అయిపోయింది. తన కెరీర్ ఇక్కడితో అయిపోయిందని ఆయన నిజంగానే అనుకున్నారు. యుద్ధాల మధ్య కాలంలో ఆర్మీ చిన్నదైపోయి ప్రమోషన్లు ఆగిపోవడంతో 1936 దాకా మేజర్ దాటలేదు కూడా. కానీ ట్రైనింగ్‌లో చేసిన పనికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ వచ్చింది, వేలమందిని ఏమీ లేని చోట సిద్ధం చేసిన ఆ అనుభవమే తర్వాత పనికొచ్చింది.

అలాగని అందరూ ఐజన్‌హోవర్ కథ చెప్పుకుని ఓదార్చుకుంటే సరిపోదు. యుద్ధం చేసిన, ఆపరేషన్‌లో ఉన్న అనుభవానికి బోర్డు ముందు ఉండే బరువు వేరే. మీ కెరీర్‌లో ఇంతవరకూ ఫీల్డ్ టెన్యూర్ సరిగ్గా లేకపోతే ముందు అది పూర్తిచేయండి. ఉంటే ధైర్యంగా వెళ్ళండి, ఎందుకంటే ఫీల్డ్ చూసొచ్చినవాడు నిలబడి చెప్పే పాఠాన్ని రిక్రూట్లు వినే తీరే వేరుగా ఉంటుంది.

ఆఫీసర్లకి కూడా ఇదే వర్తిస్తుందా?

చాలావరకు. ఆఫీసర్లలో ఇన్‌స్ట్రక్టర్ పోస్టింగ్‌కి ఇంకో లాభం ఉంది, అక్కడ పరిచయమయ్యే మనుషులు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ ఆర్మీ చీఫ్‌గా ఉన్న జార్జ్ మార్షల్, అంతకుముందు 1927 నుంచి 1932 దాకా ఫోర్ట్ బెనింగ్ ఇన్ఫాంట్రీ స్కూల్ అసిస్టెంట్ కమాండెంట్‌గా ఉన్నప్పుడు అక్కడ చదివినవాళ్ళూ నేర్పినవాళ్ళూ కలిపి సుమారు 200 మంది తర్వాత జనరల్స్ అయ్యారు, ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న ఒమర్ బ్రాడ్లీ వాళ్ళలో ఒకరు. మార్షల్ వాళ్ళ పని కళ్ళారా చూశారు కాబట్టి యుద్ధం వచ్చినప్పుడు ఎవరిని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు. జర్మన్ జనరల్ రోమెల్ నాలుగేళ్ళు డ్రెస్డెన్ ఇన్ఫాంట్రీ స్కూల్లో పాఠాలు చెప్పాడు, బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ క్యాంబర్లీలోనూ క్వెట్టాలోనూ స్టాఫ్ కాలేజీల్లో బోధించాడు. మానెక్‌షా మహూ ఇన్ఫాంట్రీ స్కూల్‌కి, తర్వాత వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి కమాండెంట్‌గా చేసి 1969లో ఆర్మీ చీఫ్ అయ్యారు.

ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడు తప్పు జరిగితే?

ఇది చెప్పకుండా ఆ పోస్టింగ్ గురించి మంచి మాటలే చెప్తే అన్యాయం అవుతుంది. ఇన్‌స్ట్రక్టర్ చేతిలో చాలా అధికారం ఉంటుంది, ట్రైనీ ఎదురుచెప్పలేడు, అందుకే అక్కడ జరిగే తప్పుని సైన్యం చాలా కఠినంగా చూస్తుంది. 1956 ఏప్రిల్ 8 రాత్రి అమెరికన్ మెరీన్ కోర్ ట్రైనింగ్ బేస్ ప్యారిస్ ఐలాండ్‌లో స్టాఫ్ సార్జెంట్ మాథ్యూ మెకియన్ తన ప్లాటూన్‌ని క్రమశిక్షణ నేర్పాలని రిబ్బన్ క్రీక్ అనే చిత్తడి వాగులోకి నడిపించాడు. ఆరుగురు రిక్రూట్లు మునిగి చనిపోయారు. కోర్ట్ మార్షల్‌లో ఆయన ర్యాంకు కిందికి దిగి ప్రైవేట్ అయిపోయాడు. ఆ ఘటన తర్వాత మెరీన్ రిక్రూట్ ట్రైనింగ్ మీద పర్యవేక్షణ పూర్తిగా మారిపోయింది.

ఇప్పుడు అంత పెద్ద ఘటన అక్కర్లేదు. ట్రైనీని కొట్టడం, డబ్బులు తీసుకోవడం, అనవసరపు పనిష్మెంట్, ఆడ ట్రైనీలతో తప్పుగా మాట్లాడటం, ఏదైనా ఒక్కటి రుజువైతే అంతే, అమెరికాలో డ్రిల్ సార్జెంట్‌ని తప్పు మీద తీసేస్తే బ్యాడ్జ్ కూడా వెనక్కి తీసుకోవచ్చు. యూనిట్‌లో అయితే ఒక సీనియర్ పిలిచి మందలించి వదిలేసే విషయం ట్రైనింగ్ సెంటర్‌లో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అవుతుంది. మీకు కోపం అదుపులో ఉండదని మీకే తెలిస్తే ఈ పోస్టింగ్ తీసుకోకండి.

టెక్నికల్ ట్రేడ్‌లో ఉన్నా. నేర్పడం వల్ల నా పని మర్చిపోతానా?

చేతి పని కొంత తగ్గుతుంది, పుస్తక జ్ఞానం బాగా పెరుగుతుంది. క్లాస్‌లో ట్రైనీ అడిగే ఎందుకు అనే ప్రశ్నకి జవాబు వెతకడంలోనే సగం సబ్జెక్ట్ మళ్ళీ వస్తుంది. కాకపోతే స్కూల్లో ఉండే పరికరం పాతది, యూనిట్‌లోకి కొత్త మోడల్ వచ్చేస్తుంది, రెండేళ్ళ తర్వాత తిరిగొస్తే మీ జూనియరే మీకు చూపించాల్సొస్తుంది. టెక్నికల్ వాళ్ళు మాత్రం టెన్యూర్ పొడిగించుకోవద్దు.

అసలు పొడిగించుకోవచ్చా? పని బాగుంది, ఫ్యామిలీ కూడా సెటిల్ అయింది.

ఫ్యామిలీ కోసం అయితే మీ ఇష్టం, అది గౌరవించాల్సిన కారణమే, పిల్లల చదువు మధ్యలో ఉన్నప్పుడు ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. కెరీర్ పరంగా అయితే మూడేళ్ళు దాటితే లాభం తగ్గడం మొదలవుతుంది. రెండోసారి కూడా ఇన్‌స్ట్రక్టర్‌గానే వెళ్తే ఇతను లైన్‌లో పని తప్పించుకుంటున్నాడేమో అన్న అనుమానం ఫైల్ చూసేవాళ్ళకి వస్తుంది. మధ్యలో ఒక పూర్తి యూనిట్ టెన్యూర్ చేసి, పై ర్యాంకులో వెళ్తే ఆ అనుమానం ఉండదు.

ఇంకోటి, ట్రైనింగ్ సెంటర్ అంటే ఇంటికి తొందరగా వెళ్ళొచ్చు అనుకుని భార్యాపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు. రిక్రూట్ల కంపెనీలో ఉదయం వాళ్ళు లేచేముందే మీరు గ్రౌండ్‌లో ఉండాలి, రాత్రి వాళ్ళ రోల్ కాల్ అయ్యాకే మీరు కదలాలి, మధ్యలో ఎవడికో జ్వరం, ఎవడో ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటాడు, ఇంకెవడి రైఫిల్‌లోనో రౌండ్ ఇరుక్కుంటే అందరినీ ఆపి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మ్యాగజైన్ తీయించి, కాక్ చేయించి, ఛాంబర్‌లోకి చూపించి మళ్ళీ మొదటినుంచి చేయించాలి, అదీ రోజుకి ఎన్నిసార్లో. మొదటి ఏడాది ఇంట్లో వాళ్ళకి మీరు కనిపించరు. ఈ మాట ముందే ఇంట్లో చెప్పి వెళ్ళండి.

అగ్నివీర్‌గా చేరినవాళ్ళకి ఇది వర్తిస్తుందా?

నాలుగేళ్ళలో ఈ ప్రశ్న రాదు. 2022లో వచ్చిన ఈ పథకంలో నాలుగేళ్ళ తర్వాత 25 శాతం వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు, తీసుకున్నాక ర్యాంకు వచ్చినప్పుడు పైన చెప్పిందంతా వర్తిస్తుంది. అప్పటిదాకా కోర్సుల్లో గ్రేడింగ్ మీద దృష్టి పెట్టండి.

నేను అడగలేదు, నా పేరే పంపారు. వద్దనొచ్చా?

కారణం ఉంటే అడగొచ్చు, ఇంట్లో మెడికల్ సమస్య, బోర్డు దగ్గరలో ఉండటం, ర్యాంకు పని ఇంకా పూర్తి కాకపోవడం ఇవన్నీ చెప్పుకోదగ్గ కారణాలే. కాగితం మీద పెట్టి, సరైన దారిలో, ఆర్డర్ రాకముందు. కష్టంగా ఉంటుందని మాత్రమే వద్దంటే ఆ మాట మీ వెనకాలే తిరుగుతుంది.

తిరిగి యూనిట్‌కి వచ్చాక ఏం చేయాలి?

వచ్చిన మొదటి వారంలోనే మీ రికార్డ్ తెప్పించుకుని చూడండి, ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న కాలం సరిగ్గా నమోదైందా, అక్కడి రిపోర్టులన్నీ చేరాయా, బ్యాడ్జ్ గానీ క్వాలిఫికేషన్ గానీ ఎంట్రీ పడిందా. ఒక్క రిపోర్ట్ తక్కువున్నా బోర్డు దాకా ఆగకుండా వెంటనే పట్టుకోండి, పాత చోట మీకు తెలిసిన క్లర్క్ ఇంకా ఉండగానే. ఆ తర్వాత కంపెనీ కమాండర్ దగ్గరకెళ్ళి ఆఫీసు పని కాకుండా మనుషుల మధ్య పని అడగండి, సెక్షన్ గానీ ప్లాటూన్ గానీ. ఇన్‌స్ట్రక్టర్‌గా వచ్చాడు కదా అని ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లు టైప్ చేయడానికి కూర్చోబెట్టే యూనిట్లు ఉన్నాయి, ఒప్పుకుంటే అందులోనే ఏడాది గడిచిపోతుంది.